506 నంబరు పెట్టె తాళంచెవి

మా టీచరమ్మ పోయిన సంగతి నాకు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పైన నీళ్ల ట్యాంకరు పదకొండింటికి వస్తుందన్న ప్రకటన, కింద ఎవరి కారో ఎవరి చోట్లోనో పెట్టారన్న ఫిర్యాదు, మధ్యలో ఆ వార్త. "101 టీచరమ్మ ఈ ఉదయం దవాఖానలో కన్నుమూశారు." దాని కింద దండాల బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేనూ ఒకటి పెట్టాను, మాదాపూర్ ఆఫీసులో, కుడిచేతిలో కాఫీ కప్పు ఉండగా ఎడమచేత్తో. ఆ దండాన్ని చెరిపేద్దామని తర్వాత చూస్తే గడువు దాటిపోయింది.

గౌరవనీయులైన పాఠకులకు ముందే ఒక మనవి. స్మృతి వ్యాసాల్లో పోయినవారి మంచితనం రాస్తారు. రాసేవాడి మంచితనం మధ్యమధ్యలో దానంతటదే తొంగిచూస్తుంది. ఇందులో ఆ రెండోది దొరకదు. టీచరమ్మ నాకొక తాళంచెవి ఇచ్చి ఒక పని చెప్పారు. నేను చెయ్యలేదు. చేస్తున్నానని మాత్రం మూడు వారాలు చెప్పాను.

మా బిల్డింగు ప్రగతి నగర్ చెరువుకు రెండు వీధుల ఇవతల ఉంటుంది. అయిదు అంతస్తులు, అంతస్తుకు అయిదు ఫ్లాట్లు. కింద మెట్ల పక్కన గోడకు రేకు పోస్టు డబ్బాలు. వాటిని చేసిన పనివాడెవరో 505 దగ్గర ఆగకుండా చేతి ఊపులో 506 కూడా రాసేశాడు. అలా మా బిల్డింగులో లేని ఇంటికి ఒక డబ్బా ఉంది. నాలుగేళ్లు దాన్ని చూసి నవ్వుకున్నవాళ్లమే అందరమూ. దానికి తాళం కొన్నది టీచరమ్మ ఒక్కరే.

ఆమె ఈ పక్క ఊరి మనిషి. సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మా బైకులు పెట్టుకునే చోట ఒకప్పుడు తన చిన్నాయన జొన్నలేసేవాడని చెప్పి, ఆ చోటు పక్కనుంచి కాస్త జాగ్రత్తగా నడిచేవారు. ఒకరోజు పిల్లలున్న ప్రతి ఇంటి డబ్బాలోనూ ఒక ఉత్తరం పడింది. పాత క్యాలెండరు కాగితం వెనక, ఆకుపచ్చ సిరాతో, వంకర అక్షరాలతో: "నేను 506లో ఉండే బల్లిని. మా ఇంటికి గోడ ఉంది గాని గది లేదు. నిన్న రెండు దోమలు తిన్న. మీరేం తిన్నరు?"

పిల్లలు జవాబులు రాశారు. జవాబులకు జవాబులు వచ్చాయి. మధ్యలో బల్లి డైరీ పేజీలు కూడా వచ్చేవి. "సోమవారం. ఒక ఉసిళ్ల పురుగు. ట్యూబ్‌లైటు కింద చోటు కోసం అక్కతో కొట్లాట. మంగళవారం. కరెంటు పోయింది. ఉపాసం." ఇలా ఒక కథ నడిచింది. ఎవరూ కూచోబెట్టి చెప్పలేదు, ఎవరూ పుస్తకం తెరవలేదు. టీచరమ్మ రాత పిల్లలు గుర్తుపట్టకూడదని అన్నీ ఎడమచేత్తో రాసేవారు.

ఇందులోకి నేను దొంగతనంగా ప్రవేశించాను. 403లో ముగ్గురు బ్రహ్మచారులం, అందులో కడప జిల్లా ప్రతినిధిని నేను. ఒక పొద్దున ఆఫీసుకు పోతుంటే 506 డబ్బాలోంచి కాగితం అంచు బయటికి కనిపించింది. లాగి చదివాను. 201 పిల్లవాడు బల్లిని బర్త్‌డేకు పిలిచాడు. నాకు చెయ్యి ఆగలేదు. "ప్రియమైన 201, మీ ఉత్తరం అందింది. ప్రస్తుతం గోడ మీద మీటింగులో ఉన్నాను. సోమవారం మాట్లాడుకుందాం" అని రాసి వాళ్ల డబ్బాలో వేశాను.

రెండోరోజు టీచరమ్మ ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు.

"గిది నువ్వే రాసినవు గద?"

"నేనేంటికి రాస్తా టీచర్. నాకు బల్లులంటేనే పడదు."

"పిల్లలు రాస్తే తిండి ముచ్చట ఉంటది. బల్లి రాసినా ఉంటది. తిండి ముచ్చట లేకుంట ఉత్తరం రాసేటోడు నౌకరి చేసేటోడొక్కడే. ఈ బిల్డింగుల మీటింగుల మీద గింత కోపమున్నోడివి నువ్వే."

నేను నేరం ఒప్పుకున్నాను. శిక్షగా ఉద్యోగం ఇచ్చారు. "ఇగ నువ్వు మా బల్లికి బావవు. మాదాపూర్ల అద్దాల బిల్డింగుల ఉంటవు. నెలకు నాలుగు ఉత్తరాలు రాయాలె."

మాదాపూర్ బావ ఉత్తరాలు పిల్లలకు నచ్చాయి. అద్దం మీద ఎక్కుతూ జారుతూ, ఏసీ చలికి దోమలు దొరక్క, క్యాంటీన్ లైటు కింద లంచ్ బ్రేక్ కోసం ఎదురుచూసే బల్లి. రాసింది ముందు టీచరమ్మకు చూపించాలి. ఆమె సర్వపిండి ముక్క ఒకటి నా చేతిలో పెట్టిగానీ కాగితం అందుకునేవారు కాదు. చదివి, కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి తీర్పు చెప్పేవారు.

"నీ బల్లి మస్తు తెలివిగలది. జర భయపెట్టు దాన్ని."

"ఏంటికి టీచర్, తెలివి ఉంటే మంచిదే కదా."

"తెలివిగలోళ్ల డైరీ ఎవ్వలు సదువుతరు బిడ్డా? భయపడ్డోళ్లదే సదువుతరు."

ఇవన్నీ పుస్తకం వేద్దామని ఒకసారి అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పుస్తకమైతే సదివి మూస్తరు. ఉత్తరమైతే జవాబు రాస్తరు" అన్నారు. ఇంకోసారి, నా బావ బల్లి డైరీలో మరీ గొప్పలు పోతున్నాడని నేనే అనుమానపడితే, ఒక మాట చెప్పారు. అప్పుడు నేను ముక్క నములుతూ విన్నాను. "డైరీల ఎంతన్న అబద్ధమాడనీ, అది దాని బతుకు. ఉత్తరంల ఆడొద్దు. ఉత్తరానికి అవుతల మనిషి ఉంటడు."

ఆపరేషనుకు దవాఖానకు పోయేరోజు పార్కింగులో క్యాబ్ ఆగి ఉంది. ఆమె చెల్లెలు సంచులు ఎక్కిస్తున్నారు. టీచరమ్మ నన్ను పిలిచి 506 తాళంచెవి చేతిలో పెట్టారు.

"పది దినాలు. రెండు బల్లుల పనీ నువ్వే చూడాలె. నేను లేనట్టు పిల్లలకు తెల్వొద్దు."

"మీరు ఫికర్ చెయ్యద్దండి టీచర్."

"నేను చెయ్య. నువ్వు చెయ్యి."

నేను చెయ్యలేదు. ఆ తాళంచెవిని బైకు తాళాల రింగులోనే వేసుకున్నాను. రోజుకు నాలుగుసార్లు చేతికి తగిలేది. డబ్బా చీలికలో కాగితం అంచులు కనిపిస్తూనే ఉన్నాయి. చూడలేదని బుకాయించను, రోజూ చూశాను. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉంది, అది నిజం. కానీ అదే మూడు వారాల్లో నేను రెండు క్రికెట్ మ్యాచులు ఆఖరి బంతి దాకా చూశాను. గచ్చిబౌలిలో ఒక బిర్యానీ కోసం గంటసేపు వరసలో నిలబడ్డాను. తాళం తియ్యడానికి ఎంతసేపు పడుతుందో నేను ఈ మధ్యే కనుక్కున్నాను. తుప్పుపట్టిన తాళమైనా ఒక్క నిమిషం పట్టదు.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో పళ్లెం ముందు కూర్చున్నప్పుడు ఆమె ఫోన్ వచ్చింది. గొంతు సన్నగా ఉంది.

"ఏం రాసిన్రు పిల్లలు? సదువు."

ఇంకా తియ్యలేదు టీచర్ అనే మాట నాలుక దాకా వచ్చింది. బదులుగా నోట్లోంచి ఇది వచ్చింది: "201 వాడు రాసినాడు టీచర్. బల్లులకు కూడా అటెండెన్స్ ఉంటాదా అని అడగతాండాడు."

ఆమె నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతున్నాయని చెప్పి మళ్లీ నవ్వారు. పాఠకులారా, రోగిని నవ్వించాను కదా అని ఆ పూట నేను గర్వపడ్డాను కూడా.

అక్కడినుంచి అదే నా పని అయింది. ఆమె రెండురోజులకోసారి లంచ్ టైముకు ఫోన్ చేసేవారు. నేను పప్పన్నం కలుపుకుంటూ పిల్లల ఉత్తరాలు గాల్లోంచి చదివేవాణ్ణి. 302 పాప బల్లికి పెళ్లి సంబంధం చూసిందన్నాను. 404 కవలలు బల్లి తోక ఊడితే అది ఎవరి ఫ్లాటు కిందికి వస్తుందని అడిగారన్నాను. పది రోజులు మూడు వారాలయ్యాయి. ఆఖరి ఫోన్‌లో ఆమె ఎక్కువ మాట్లాడలేదు.

"302 పాప ఏం తిన్నదట?"

"తిండి గురించి ఏం రాయలేదు టీచర్. సంబంధం సంగతే రాసింది."

దవాఖానలో ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు వినిపించింది.

"మంచిది. నువ్వు తిన్నవా?"

"తింటాండా టీచర్."

"తిను బిడ్డా."

ఆ తర్వాత నాకు అందింది వాట్సాప్ వార్తే.

పదకొండో రోజు కార్యక్రమమయ్యాక ఆమె చెల్లెలు మా ఫ్లాటుకు వచ్చారు. "అక్క నీకియ్యమన్నది" అని ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి వెళ్లారు. తెరిస్తే ఆకుపచ్చ సిరా. 201కి బల్లి జవాబు, ఒకటిన్నర పేజీ: అటెండెన్స్ ఉంటుంది, గోడకు అతుక్కుని ఉంటే ప్రెజెంట్, కింద పడితే ఆబ్సెంట్. 302కు జవాబు. కవలలకు జవాబు. నేను కల్పించిన ప్రతి ఉత్తరానికీ ఆమె మంచం మీద పడుకుని జవాబు రాశారు. తొమ్మిది. సెలైన్ సూది కుడిచేతికే ఉండి ఉంటుంది, అయినా ఆమెకు ఇబ్బంది లేదు. బల్లి రాసేది ఎడమచేత్తోనే కదా. చివరి పేజీలకు పోయేకొద్దీ అక్షరాలు పెద్దవై, గీత దాటి కిందికి జారాయి.

ఆఖరి పేజీ నాకు.

"మాదాపూర్ బావకు, నువ్వు ఫోన్ల సదివిన ఉత్తరాలు మంచిగున్నయి. నర్సమ్మకు గూడ చెప్పి నవ్విన. ఉత్తరం వచ్చినంక జవాబు రాయకుంటే ఎట్ల అని అన్నిటికీ రాసిన. గని తొమ్మిదిట్ల ఒక్క పోరడు గూడ ఏం తిన్నడో చెప్పలే. డబ్బా తెరువు బిడ్డా. పిల్లలు సూస్తుంటరు."

బావ అని మొదలుపెట్టి బిడ్డా అని ముగించారు. నేను చెప్పులు లేకుండా కిందికి దిగాను.

తాళం తిప్పితే ముందు చీమలొచ్చాయి. తర్వాత కాగితాలు జారి నా కాళ్ల మీద పడ్డాయి. వాటి మధ్య మెత్తబడిన బిస్కెట్లు, సగం పల్లీపట్టీ, కాగితంలో చుట్టిన జామకాయ ముక్క నల్లగా ఎండి. మెట్ల మీద కూచుని చదివాను. 302 పాప రాసింది:

"506 బల్లికి, నువ్వు దవాఖానల ఉన్నవంట. ఇంజక్షన్ నొప్పి పుట్టిందా? ఇయ్యాల మా ఇంట్ల టమాటా పప్పు, గుడ్డు. నీకు బిస్కెట్ వేస్తున్న, బావకు ఇయ్యకు. నీ కళ్లద్దాల డబ్బా బెంచీ మీద మర్చిపోయినవు, నా దగ్గరున్నది. వచ్చి తీస్కో. తొందరగ రా."

బల్లులు కళ్లద్దాలు పెట్టుకోవు.

మిగతావీ అంతే. కవలలు సేమ్యా తిని రాశారు. 201 వాడు ఇడ్లీ తిని, బల్లి ఎప్పుడు ఇంటికొస్తుందో తేదీ చెప్పమన్నాడు. వాళ్లకు మొదటినుంచీ తెలుసు. ఎడమచేతి రాత ఎవరిదో, ఆకుపచ్చ పెన్ను ఎవరి సంచిలో ఉంటుందో తెలిసీ, ఆమె దాచుకున్నదాన్ని ఆమె కోసం దాచారు. నా అబద్ధం తెలిసీ ఆమె నా కోసం జవాబులు రాశారు. ఈ బిల్డింగులో అందరినీ బోల్తా కొట్టిస్తున్నానని నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. పిల్లలు "తొందరగ రా" అని రాసిన పదహారు కాగితాలు ఆమెకు ఒక్కటీ చేరలేదు. ఫోన్‌లో చదివి ఉంటే ఒక్కోదానికి అర నిమిషం పట్టేది. ఆపరేషను ఫలితం మారేదని నేను అనను. ఆ మధ్యాహ్నాలు మారేవి.

మరుసటి ఆదివారం పిల్లల్ని పార్కింగులో కూచోబెట్టి ఆ తొమ్మిది జవాబులూ పంచాను. జరిగింది చెప్పాను. పెద్దవాళ్లకైతే కాస్త తిప్పి చెప్పేవాణ్ణి. వాళ్లకు నేరుగానే చెప్పాను. 201 వాడు తన జవాబు రెండుసార్లు చదువుకుని, "నేను గిది అడగలే. గని అడుగుదామనే అనుకున్న" అన్నాడు. అది నా మీద దయతో చెప్పిన అబద్ధమని నాకు తెలుసు. ఈ బిల్డింగు నీళ్లలోనే అది ఉన్నట్టుంది.

302 పాప కళ్లద్దాల డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తెరుస్తూ మూస్తూ కూచుంది. వాళ్లందరికీ క్షమించమని మాదాపూర్ బావ పేరుతో ఒక ఉత్తరం కూడా రాసి ఇచ్చాను. రెండోరోజు 302 పాప లిఫ్టులో ఎదురై ఆ ఉత్తరం నా చేతిలో పెట్టింది.

"వాపస్ ఇస్తున్నావా పాపా?"

"మీ బల్లి ఏం తిన్నదో రాయలే అన్నా" అంది. "మళ్ల రాయి."

మళ్లీ రాస్తున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు కొట్టేశాను. ఆ మూడు వారాలూ బావ బల్లి కడుపునిండా తిన్నది. అది రాయాల్సి వచ్చిన ప్రతిసారీ పెన్ను ఆగుతోంది.

మా వాచ్‌మన్ చీమల చాక్‌పీసు తెచ్చి మూడు రోజులుగా డబ్బాల దగ్గర తచ్చాడుతున్నాడు. "గీత గీస్త సార్, గోడంత పరేషాన్ చేస్తున్నయి" అంటాడు. రేపు చూద్దామని పంపేస్తున్నాను. ఈ పొద్దున బైకు తాళాలు పట్టుకుని అక్కడ కాసేపు ఆగాను. 506 డబ్బా చీలికలో బిస్కెట్ ముక్క ఒకటి అడ్డంగా ఇరుక్కుంది. ఏడెనిమిది చీమలు దాన్ని వెనక్కి లాగి, నిలువుగా తిప్పి, మళ్లీ బయటికి తోస్తున్నాయి.