తిథి తెలియని ఫోను

ముప్పై ఏళ్ళుగా తద్దినాలు పెట్టిస్తున్నానండి. పెద్దాపురంలో ఎవరినడిగినా చెబుతారు. ఇన్నేళ్ళలో నాకు దెయ్యమూ కనబడలేదు, పితృదేవతలూ కనబడలేదు. మంత్రం చెప్పడం వరకే నా పని అనుకునేవాణ్ణి.

గొడవంతా ఆ ఫోనుతో వచ్చింది. ఇంకా డైరీ ఏంటి నాన్నా అని మా అమ్మాయి, నేను వెళ్ళే యజమానుల ఇళ్ళ తద్దినాలన్నీ ఫోను క్యాలెండర్‌లో ఎక్కించి, ఏటా మోగేలా పెట్టింది. అది చూసేది తేదీని. తద్దినం పెట్టేది తిథికి. తిథి ఏటా ఒకే తేదీకి రాదు. ఈ ముక్క దానికి తెలీదు సరే, పంచాంగం చంకలో పెట్టుకు తిరిగే నాకు ఏం తెగులొచ్చిందో!

పోయినేడాది మార్గశిర బహుళ దశమి. సామర్లకోటలో సత్యవతి గారి భర్త తిథి. ఆవిడ గోడ క్యాలెండర్‌లో చూసుకుని, వంట చేసి కూర్చున్నారు. కడియం నర్సరీలో పనిచేసే కొడుకు సెలవు పెట్టి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉన్నాడు. ఇంకా పదకొండు రోజులుందని ఫోను చెబితే, నేను కాకినాడలో గృహప్రవేశం చేయిస్తున్నాను. మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. తిట్టినా బాగుండేది.

“మర్చిపోతే మర్చిపోయారు గానీ పంతులుగారూ, ఆయన ఆకలితో వెళ్ళిపోయారండి” అన్నారు.

రెండ్రోజులు నాకు అన్నం సహించలేదు. మళ్ళీ ఆ ఇంటి తిథి తప్పనివ్వనని ఒట్టు పెట్టుకున్నాను. ఫోను సిమ్ తీసి, ఆపేసి, బీరువాలో పడేశాను. మాట్లాడ్డానికి బటన్ల ఫోను చాలు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే లావుపాటి డైరీ కొని, విసుక్కుంటూ తిథులన్నీ చేత్తో రాసుకున్నాను. రాశాను కదా అని మనసులో పెట్టుకోలేదు.

ఈ మార్గశిరంలో ఓ పొద్దున్న, డైరీలో ఊళ్ళో వ్రతం ఒక్కటే ఉంది. బయల్దేరుతుంటే బీరువాలో ఏదో మోగింది. తలుపు తీశాను. ఆ ఫోనే. తెర మీద సత్యవతి గారి ఇంటిపేరు, కింద ‘ఈరోజు’ అని ఉంది. చేతిలోకి తీసుకోగానే ఆరిపోయింది.

పంచాంగం చూస్తే బహుళ దశమి. డైరీ మొదట్నుంచి చివరిదాకా తిరగేశాను. ఎవరి కోసం కొన్నానో వాళ్ళ పేరే రాయలేదు! నన్ను నేను తిట్టుకుంటూ, వ్రతానికి మా తమ్ముణ్ణి పంపి స్కూటర్ తీశాను.

సామర్లకోటలో తల్లీకొడుకులు అన్నీ సిద్ధం చేసుకుని గుమ్మంలో కూర్చున్నారు. ఒక్క ఫోన్ కొట్టకపోయారా అని అడిగాను.

“వీడు చేస్తానన్నాడండి. నేనే వద్దన్నాను. ఈసారి మీరే వెళ్ళి చెప్పుకోండని పొద్దున్న ఆయన ఫోటో ముందు అన్నాను.”

ఆ రోజు మంత్రం రెండుసార్లు తడబడింది. ఫోను సంగతి ఆవిడకి చెప్పలేదు.

సాయంత్రం ఛార్జింగ్ పెడితే చాలాసేపటికి గానీ ఆ ఫోను వెలగలేదు. క్యాలెండర్‌లో ఆయన తద్దినం ఇంకా మూడు వారాల తర్వాతే ఉంది. నెలల తరబడి ఛార్జింగ్ లేనిది మోగదు నాన్నా అంటుంది మా అమ్మాయి. ఆ సంగతి నాకూ తెలుసు.

ఇప్పుడు ఆ పేరు డైరీలో నాలుగు చోట్ల రాసుకున్నాను. అయినా సిమ్ లేని ఆ ఫోనుకి రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను.