పాకాలలో గోల్ఫ్ కర్ర

వెంకటముని మద్రాసులో ఒక గోల్ఫ్ మైదానం రిపేరు షెడ్డులో పందొమ్మిదేళ్లు పనిచేశాడు. కర్రల కాడలు ఊడదీయడం, కొత్తవి బిగించడం అతని పని. 2001లో షెడ్డు మూసేస్తే సొంత ఊరు పాకాలకు వచ్చి, స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు పెట్టుకున్నాడు. పంక్చర్లు వేస్తూ తన పాత పని గురించి చెప్పబోయేవాడు. ఎవరూ వినేవారు కాదు.

రెండేళ్లకు, గోల్ఫ్ కర్రలు బాగుచేసేవాడు పాకాలలో ఉన్నాడని ఎవరో చెబితే, రాజారత్నం అనే ఆయన చిత్తూరు నుంచి వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన సైన్యంలో డాక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎండిన చెరువులో రోజూ పొద్దున్నే బంతులు కొట్టుకుంటాడు. తువ్వాలులో చుట్టి తెచ్చిన కర్రను, ఒక కొత్త ఇనుప తలను బల్ల మీద పెట్టాడు. కర్రకున్న పాత తల పగిలింది. నల్లటి కార్బన్ కాడ మాత్రం చెక్కు చెదరలేదు.

"ఈ కాడ నా చేతికి అలవాటైపోయిందప్పా. పదిలంగా తీసి ఈ కొత్త తలకు పెట్టాల. చేస్తావా?"

"ఈ జిల్లాలో నాకు గాక ఇంకెవురికొస్తాది సార్," అన్నాడు వెంకటముని. రెండేళ్లలో అతను అంత నిటారుగా నిలబడింది లేదు.

కాడ దిగే చోట తల మెడను వేడి చేస్తే లోపలి జిగురు మెత్తబడుతుంది. అప్పుడు కాడను నేరుగా లాగాలి. ఇనుప కాడనైతే తిప్పి లాగినా ఏమీ కాదు. కార్బన్ కాడ సన్నని నారతో చేసింది, తిప్పితే ఆ నార చిట్లుతుంది. షెడ్డులో లాగడానికి ఒక మిషను ఉండేది. ఇక్కడ కారు జాకీకి రెండు చెక్కలు బిగించి తనే ఒకటి చేసుకున్నాడు. చెక్కలు జారాయి. ట్యూబు ముక్క చుట్టాడు. మళ్లీ జారాయి. వేడి చేసిన మెడ ఈలోగా చల్లారిపోయేది. మళ్లీ మొదటికి.

వీధి చివరి పాలవాడు చిన్నబ్బ మూడోసారి వచ్చి నిలబడ్డాడు. "నా సైకిలు ఎప్పుడిస్తావబ్బా? పొద్దున్నించీ ఆ కర్రతోనే ఉండావు."

వెంకటముని పళ్లు కొరికి, కాడను పట్టుకారుతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడైంది.

మధ్యాహ్నం సంగటి తెచ్చిన భార్య వసంతమ్మకు అతను గోడకానుకుని కూర్చుని కనిపించాడు.

"ఏమయింది?"

"తిప్పినాను. పందొమ్మిదేండ్లు కొత్తగా పనికొచ్చినోళ్లకు నేను చెప్పింది ఆ ఒక్క మాటే. తిప్పొద్దురా అని."

"ఆ సార్‌కు చెప్పు మరి."

"ఏమని చెప్పేది?"

"తిప్పినానని."

మర్నాడు అలాంటి కాడ కోసం కాట్పాడి మీదుగా మద్రాసు వెళ్లాడు. షెడ్డు ఉన్న చోట కార్లు నిలిపి ఉన్నాయి. ఆటసామాన్ల కొట్టువాడు నవ్వి, ఇప్పుడు కాడ మార్పించేదెవరు, కర్రే కొత్తది కొంటారు అన్నాడు. చివరికి ఆ కొట్టు అటక మీద ఒక కార్బన్ కాడ దొరికింది. కానీ అది వంగని రకం, వేగంగా ఊపే కుర్రవాళ్ల చేతులకు చేసింది. వేరే గతిలేక దాన్నే తెచ్చి, కొన గరుకు పట్టించి, జిగురు పూసి, కొత్త తలలో బిగించి, ఒక రోజంతా ఆరబెట్టాడు.

రాజారత్నం వచ్చి షాపు ముందే కర్రను గాలిలో నాలుగుసార్లు ఊపి చూశాడు.

"అది మీ కాడ కాదు సార్," అన్నాడు వెంకటముని. "మీది నేను విరిచేసినాను. ఇది గట్టి కాడ, మీ చేతికి సరిపోదు."

రాజారత్నం కర్రను పైకీ కిందికీ చూసి, ఇంకోసారి ఊపాడు. "నాకేం తేడా తెలీలేదే. బాగుండాది."

"తేడా ఉండాది సార్. చూడండి ఇంకోసారి."

"బాగుండాదంటే వినవేమప్పా."

ఆయన సంతోషంగా బస్సెక్కి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది వెంకటమునికి. తను చెడగొట్టిన పని ఎంత చెడిందో తెలిసినవాడు ఈ జిల్లా మొత్తానికి తనొక్కడే.

ఆ తర్వాత షాపుకు ఇంకో గోల్ఫ్ కర్ర రాలేదు. రాజారత్నం మాత్రం కనిపించినవాళ్లందరికీ పాకాల ముని లాంటి పనివాడు లేడని చెప్పేవాడు. ఆ మాట ఎవరైనా మోసుకొస్తే వెంకటముని విననట్టు చక్రం తిప్పుతూ కూర్చునేవాడు.