బోల్టు ఎక్కించిన పూజ

పరగోడు అశ్వత్థప్ప ఏది లెక్కపెట్టినా కంటితో పెట్టడు, వేలితో ముట్టుకొని పెడతాడు. పెళ్ళిలో విస్తళ్ళు ఎన్ని వేశారో చూడమంటే చాలు, ఒక్కో ఆకునూ తాకుతూ వరస చివరిదాకా పోతాడు. "అన్నీ అంటు చేస్తాండావు కదప్పా!" అని ఆడవాళ్ళు కేకలేసినా చెయ్యి వెనక్కి తీసుకోడు. మొరటుతనం కాదది, ముప్పై ఏళ్ళ ఉద్యోగం. సైన్యంలో ఆయుధాలు దాచే గదిని కోత్ అంటారు. ఆ కోత్ తాళాలు మోసిన మనిషి అతను. తుపాకీని చూసి లెక్కపెట్టకూడదు, తాకి లెక్కపెట్టాలి అని కుర్రతనంలో ఎవరో సుబేదారు చెవి మెలేసి నేర్పించాడు. చెవి నొప్పి పోయింది గానీ చదువు పోలేదు.

మూడెకరాల వేరుశెనగ చేను ముగ్గురు అన్నదమ్ములకు చాలదని పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరాడు. పింఛను తీసుకొని ఇంటికొచ్చాక ఏడాది కూడా నిలవలేకపోయాడు. గేదెలను కూడా పొద్దున్నే హాజరు పిలిచేలా ఉన్నాడని భార్య తిమ్మక్క విసుక్కుంది. చివరికి రక్షణ శాఖ కావలి దళంలో మళ్ళీ యూనిఫాం వేశాడు. అదృష్టం బాగుండి చింతామణి బయట ఒక చిన్న ఆయుధాల నిల్వ కేంద్రంలో పడ్డాడు. యుద్ధమే వస్తే రిజర్వు సిపాయిలకు ఇవ్వాల్సిన పాత రైఫిళ్ళు అక్కడుంటాయి, మొత్తం నూట ఇరవై.

అక్కడ పద్ధతి ఒకటే. రైఫిలు ఒక గదిలో, గుండును పేల్చే దాని బోల్టు ఇంకో గదిలో ఇనుప బీరువాలో. బోల్టు లేని రైఫిలు కట్టెతో సమానం, దొంగ ఎత్తుకుపోయినా పొయ్యిలో పెట్టుకోవాల్సిందే. బీరువాకు రెండు తాళాలు. ఒకటి అశ్వత్థప్ప మొలతాడుకు, రెండోది కావలి నాయకుడు నందీశ్ దగ్గర. రోజూ పొద్దున నూట ఇరవై రైఫిళ్ళు తాకి, నూట ఇరవై బోల్టులు తాకి, 'బోల్టులు వేరుగా ఉన్నవి' అని పుస్తకంలో రాసి సంతకం చేస్తాడు. పై అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి, తలూపి, టీ తాగి పోయేవాళ్ళు.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆ మాట అబద్ధం. అది ఆయుధపూజ రోజు.

మొదటి ఏడే అశ్వత్థప్పకు ఈ చిక్కు వచ్చింది. చెయ్యి విరిగిన విగ్రహానికి దండం పెట్టం కదా, బోల్టు లేని తుపాకీకి బొట్టెట్లా పెట్టేది? అంగం లేని ఆయుధానికి పూజ చేస్తే పాపం తగులుతుందని అతనికి గట్టి నమ్మకం. అందుకని వరండాలో ముందు వరసకు పెట్టే పన్నెండింటికి మాత్రం బోల్టులు ఎక్కించేవాడు. హారతి కాగానే తీసి బీరువాలో పెట్టేవాడు. పుస్తకంలో మాత్రం పొద్దున్నే ఎప్పటి మాటే రాసేవాడు. గంటలో నిజమయ్యే మాటే కదా, తప్పేముంది అనుకున్నాడు. ఎనిమిదేళ్ళు అలాగే జరిగింది. ఎనిమిదేళ్ళు ఏమీ కాలేదు, అందుకే అది తప్పని ఎవరికీ తోచలేదు. నందీశ్ కూడా తన తాళం తీసి ఇచ్చేవాడు. అంతకన్నా ఘోరం, కావలి కాసే రైఫిళ్ళు కూడా ఆ వరసలోనే పడుకునేవి. పూజ రోజు ఏ ఆయుధమూ పని చేయకూడదట.

తొమ్మిదో ఏడు అధికారి సెలవులో ఉన్నాడు, సగం మంది ఊళ్ళకు పోయారు. పూజారి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. హారతి కాకుండా బోల్టు ఊడదీయడానికి అశ్వత్థప్పకు మనసు రాలేదు. గేటు బార్లా తెరిచి ఉంది, ఎందుకంటే ఆయుధపూజ నాడు గడప తొక్కిన వాళ్ళెవరికైనా బొరుగులు, బెల్లం పెట్టాలి. హారతి అయ్యాక, బోల్టులు తీసే ముందు, అశ్వత్థప్ప గుమ్మడికాయ కొట్టడానికి వెనకవైపు జీపు దగ్గరికి పోయాడు. కాయ పగిలిన చప్పుడు వెంటనే ఇంకో చప్పుడు వినిపించింది. అది కాయ చప్పుడు కాదని ఆ సిపాయి చెవికి తెలిసింది.

పరిగెత్తుకొచ్చేసరికి నందీశ్ గేటు దగ్గర పడి ఉన్నాడు. తొడలో నాటు పిస్తోలు గుండు, చుట్టూ చెల్లాచెదరుగా బొరుగులు. ప్రసాదం అడిగి లోపలికొచ్చిన నలుగురు కారెక్కి పోయారు. అశ్వత్థప్ప వరండాకు పోయి వరసను తాకుతూ లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ తాకాడు. తొమ్మిదే. మూడు రైఫిళ్ళు పోయాయి, బోల్టులతో సహా. మిగిలిన తొమ్మిది బోల్టులూ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పోలీసులు వచ్చేటప్పటికి పుస్తకంలో రాసిందంతా మూడు బోల్టులు తక్కువగా నిజమైపోయింది.

విచారణలో నందీశ్ ఆసుపత్రి మంచం మీద నుంచి ఉన్నదున్నట్టు చెప్పాడు. పూజకని బోల్టులు ఎక్కించాం అన్నాడు. విచారణ అధికారి ఆ మాటే అశ్వత్థప్పను అడిగాడు. రెండో పింఛనుకు ఇంకా నాలుగు నెలలు. ముప్పై ఏళ్ళలో ఒక్క మచ్చ లేదు. అతని నోట్లోంచి ఎవరో వేరేవాడు మాట్లాడినట్టు వచ్చింది జవాబు: "పుస్తకంలో ఉండేదే నిజం సార్."

అంటే బీరువా ఎవరో తెరిచి ఇచ్చారన్నమాట. అశ్వత్థప్ప పూజలో ఉన్నాడు, అతని తాళానికి మారుతాళం చేయించి ఉంటాడన్నారు, రెండో తాళం ఎటూ నందీశ్‌దే. దొంగలతో కుమ్మక్కై, అనుమానం రాకుండా తొడలో కాల్పించుకున్నాడని మాట పుట్టింది. ఆసుపత్రి గది ముందు పోలీసును కూర్చోబెట్టారు.

పది రోజులకు నందీశ్ భార్య నేత్ర దిబ్బూరహళ్ళి నుంచి బస్సులు మారి పరగోడుకు వచ్చింది. అశ్వత్థప్ప సెలవులో ఉన్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా కొంప మునిగిందని నీ దగ్గర ఏడ్చేకి రాలేదప్పా," అంది అరుగు మీద కూర్చొని. "ఆయన అబద్ధం చెప్పలేదని ఈ భూమ్మీద నీకొక్కనికే తెలుసు. తెలిసినోళ్ళు యాడుండారో చూసి పోదామని వచ్చినా."

తిమ్మక్క ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళిపోయింది. ఆమె పోయాక తిమ్మక్క అడిగింది.

"నువ్వే ఎక్కించినావా?"

"అదంతా నీకెందుకే?"

"మంచిది. చెప్పొద్దులే."

ఆమె మళ్ళీ అడగలేదు. కానీ ఆ రోజు నుంచి అన్నం వడ్డించి ఎదురుగా కూర్చోవడం మానేసింది. అశ్వత్థప్పకు అన్నం దిగేది కాదు. సిగ్గు, భయం రెండూ ఉన్నాయి, నిజం చెప్పాలంటే భయమే ఎక్కువ. నందీశ్ కోలుకుంటాడులే, సాక్ష్యం లేక కేసు పోతుందిలే అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. రోజులు గడిస్తే తప్పు కూడా పాతబడుతుందని ఆశపడ్డాడు.

ఇరవై మూడో రోజు బాగేపల్లిలో పట్టపగలు ఒక బంగారు అంగడిని దోచారు. తలుపు దగ్గర కాపలా ఉన్న మునియప్ప అనే అరవై ఏళ్ళ మనిషి అడ్డం పోయాడు. కాల్చేశారు. పారిపోతూ రైఫిలు ఒకటి కాలవలో పడేసి పోయారు. మధ్యాహ్నానికల్లా దాని ఫోటో ఊళ్ళో అందరి ఫోన్లలోకీ వచ్చింది.

తిమ్మక్క ఫోన్ పట్టుకొని పశువుల పాక దగ్గరికి వచ్చింది. అతని ముందు పెట్టింది. రైఫిలును భుజానికి ఆనించే కర్ర మడమ మీద మూడు గీతల విభూతి, నడుమ గంధం అద్ది కుంకుమ బొట్టు. బురద అంటినా చెరిగిపోలేదు. ఇంట్లో దేవుని పటాలకు ముప్పై ఏళ్ళుగా అతను పెట్టే బొట్టు, అచ్చం అలాగే, కొంచెం ఎడమకు ఒరిగి.

"ఈ బొట్టు ఎవరిదో పోలీసోళ్ళకు తెలీదు," అంది తిమ్మక్క. "నాకు తెలుసు. ఆ ముసిలోన్ని చంపింది నువ్వు పూజ చేసిన తుపాకీ. ఇంక నాతో కూడా అబద్ధం చెప్తావా?"

అశ్వత్థప్ప గడ్డిమోపు మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. ఏడ్చి లేచి యూనిఫాం తీసి ఇస్త్రీ చేసుకున్నాడు. తిమ్మక్క బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టింది.

విచారణ అధికారి ఉత్తరాది మనిషి. అశ్వత్థప్ప అటెన్షన్‌లో నిలబడి మొత్తం చెప్పాడు, ఎనిమిదేళ్ళ సంగతీ, తొమ్మిదో ఏటి సంగతీ. బోల్టులు ఎందుకు ఎక్కించావని అధికారి అడిగితే, అంగం లేని ఆయుధానికి పూజ చేయకూడదని అన్నాడు. అధికారి నవ్వలేదు. కలం పక్కన పెట్టాడు.

"ఈ మాట మొదటి రోజే చెప్పి ఉంటే?"

"ఇన్ని రోజులు నందీశ్ చుట్టూ తిరక్కుండా ఆ దొంగల వెంట పడేవాళ్ళు సార్. అంగడి తలుపు కాడ ఆ ముసిలాయన బతికేవాడు. భయపడినాను సార్."

నందీశ్ గది ముందున్న పోలీసును ఆ సాయంత్రమే తీసేశారు. అశ్వత్థప్ప ఉద్యోగం పోయింది, కేసు నడుస్తోంది. మునియప్ప ఇంటికి పోయాడు గానీ వాళ్ళు తలుపు తీయలేదు. దిబ్బూరహళ్ళికి పోతే నందీశ్ కుంటుకుంటూ వచ్చి చెంబుతో నీళ్ళిచ్చి లోపలికి పోయాడు. అశ్వత్థప్ప నీళ్ళు తాగి వచ్చేశాడు. పోయిన మూడింట్లో ఇంకొకటి చేళూరు దగ్గర దొరికింది. మూడోది దొరకలేదు.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. తిమ్మక్క పెరట్లో కొడవళ్ళు, మచ్చుకత్తి, పార కడిగి పీట మీద పేర్చింది. అశ్వత్థప్ప వచ్చి కూర్చొని కొడవళ్ళ పిడులు ఒక్కొక్కటే తట్టి ఊడదీశాడు. మచ్చుకత్తి పిడీ ఊడదీశాడు. ఇనుము ఒక వరస, కట్టె ఒక వరస.

"పిడి లేకుండా పూజేందయ్యా?"

"ఈ ఇంట్లో ఇంకింతే."

తిమ్మక్క కుంకుమ గిన్నె అందుకొని ఇనుముకొక బొట్టు, కట్టెకొక బొట్టు పెట్టుకుంటూ పోయింది. అతను అలవాటుగా వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. పీట చివరికి వచ్చినా వేలు ఆగలేదు, ఖాళీ నేల మీద ఇంకొకదాని కోసం వెతికింది. తిమ్మక్క ఆ చేతిని పట్టుకొని మెల్లగా వెనక్కి తీసింది.