బురదలో శబ్దం నడిచే తీరు

సముద్రం అడుగున దింపి బురదతో నింపి తెచ్చి, చల్లని గదిలో దాచిన గొట్టాన్ని నిలువునా కోసి విప్పగానే సముద్రగర్భపు బురద వాసన వస్తుంది. తడిసిన సున్నంలా, కొంచెం ఉప్పగా. ఎన్నేళ్లుగానో ఇదే నా పని. అయినా ఆ వాసన తగిలితే కళ్లు వాటంతటవే మూతపడతాయి. గద్వాలలో ఇంటర్ తరగతి గది, బెంచీల మీద పడే ఎండ, సుద్దముక్క పట్టుకొని నిలబడ్డ ఖాదర్ సారు కనిపిస్తారు. ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పేవారు. నేను గట్టు అనే ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చే రైతు కూతుర్ని.

అది రెండువేల సంవత్సరం దాటిన కొత్త. శబ్దం గాలిలో కంటే నీటిలో, నీటిలో కంటే గట్టి వస్తువుల్లో వేగంగా వెళ్తుందని ఆ రోజు సారు చెప్పారు. నేను లేచి, "మరి బురదల, సార్? అది నీళ్లా, గట్టిదా?" అన్నాను. తరగతంతా నవ్వింది. సారు నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టారు.

"నాకు తెల్వదు బిడ్డా. మన్ను కలిసింది గద, నీళ్లకంటె జోరుగనే పోతదనుకుంట. నువ్వు తెల్సుకొని నాకు చెప్పు."

ఇంట్లో ఈ మాట చెబితే, ఆముదాలు ఎండబోస్తున్న మా నాయన, "తెల్వదన్నడా? అయితే ఆ సారు చెప్పేది మంచిగ ఇను," అన్నాడు.

ఆ ప్రశ్న వెంటే నడిచి చదువుకున్నాను, సముద్రాన్ని పరిశోధించే ఓడ ఎక్కాను. నేల జాడలేని నీటి మీద రోజులు కలలో లాగా జరిగేవి. మా కింద, చీకట్లో, సన్నటి రేణువులు తూర్పారబట్టిన పొట్టులా మెల్లగా దిగుతూనే ఉండేవి. అడుగున గోరు పొడవంత పొర పేరడానికి వందల ఏళ్లు పడుతుంది. అలాంటి బురదకు ఒక పక్క శబ్దం పంపి, రెండో పక్క అందుకొని, పట్టిన సమయం కొలిచాను. సముద్రపు నీటిలో కంటే నెమ్మదిగా వెళ్లింది. పరికరం చెడిందనుకొని మూడుసార్లు కొలిచాను. మారలేదు. ఆ మెత్తటి బురదలో మన్నుకంటే నీరే ఎక్కువ. ఒకదాన్నొకటి పట్టుకోని రేణువులు నీటికి బరువునిస్తాయి గాని బిగువునివ్వవు; అందుకే శబ్దం నెమ్మదిస్తుంది.

ఆ ఏడే కృష్ణా, తుంగభద్రా పొంగి ఊళ్లు మునిగాయి. నీళ్లు తీశాక మానవపాడులో సారు ఇంటికి వెళ్లాను. గదుల్లో మోకాలిలోతు ఒండ్రు. ఆయన పారతో ఎత్తిపోస్తున్నారు. ఏళ్ల తరబడి రాసుకున్న నోటు పుస్తకాలన్నీ అందులోనే పోయాయి. తట్ట అందుకొని పక్కన నిలబడ్డాను. మొదటి తట్ట బయట పోసి వచ్చి చెప్పాను.

"సార్, బురదల శబ్దం నీళ్లకంటె మెల్లగ పోతది. సముద్రం అడుగున మెత్తటి బురదల."

పార ఆగింది. "ఎన్నిసార్లు కొలిచినవ్?"

"మూడుసార్లు."

"ఏటా పిల్లలకు నీ ప్రశ్న చెప్తున్న. దాని ఎంట నా తప్పు జవాబు గూడ చెప్తున్న." ఆయన గొంతు తగ్గింది. "కాలేజీ తెరిచినంక వచ్చి జర నువ్వే చెప్పు బిడ్డా."

వెళ్లాను. "నేను తప్పు చెప్పిన, ఈమె కొలిచి వచ్చింది," అని సారు పిల్లలకు చెప్పి, వెనక బెంచీలో కూర్చున్నారు. నేను చెబుతుంటే కొత్త నోటు పుస్తకం తెరిచి మొదటి పేజీలో రాసుకున్నారు.

సారు ఇప్పుడు లేరు. నిరుడు, నేను అచ్చువేయించిన వ్యాసంలో ఒక కొలత తప్పని నాకే తెలిసింది. ఎవరూ గమనించరులే అన్నారు తోటివాళ్లు. వారం రోజులు ఊగిసలాడాను. తర్వాత పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "నేను తప్పు చెప్పాను," అని మొదటి వాక్యం రాశాను.