తాడు పట్టని వాటా

పోయిన వారం మా మనవరాలు బడి ఆటల పోటీల నుంచి మెడలో ఒక పతకంతో ఇంటికొచ్చి, నేరుగా గదిలోకి వెళ్ళి దాన్ని మంచం కిందికి విసిరేసింది. పదో తరగతి చదువుతున్న పిల్ల. పుట్టుకతోనే గుండెలో చిల్లు ఉంటే చిన్నప్పుడే ఆపరేషను చేయించాం. అలుపొస్తే తనే ఆగుతుంది, తోటిపిల్లలతో ఆడుకోనివ్వండని సీతమ్మధారలో దాన్ని చూసే డాక్టరుగారు వెళ్ళినప్పుడల్లా చెబుతూనే ఉన్నారు. అయినా బడివాళ్ళు భయపడి పరుగుపందెంలో నిలబెట్టకుండా కుర్చీలో కూర్చోబెట్టి, పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఆఖర్న పిలిచి ఒక పతకం మెడలో వేసి పంపారట. మా కోడలు మురిసిపోయి ఫొటో తీయబోయింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే మా చెల్లి సంగతి చెప్పాలి.

నేను పోర్టులో ఉద్యోగం చేసి రిటైరై కంచరపాలెంలో స్థిరపడ్డాను గానీ, పుట్టింది సముద్రం ఒడ్డున, వేట మీద బతికే ఇంట్లో. మా ఈడువాళ్ళకి పెద్దవల గుర్తుండే ఉంటుంది. పడవ మీద వెళ్ళి వలను దూరంగా చుట్టూ వేసుకొచ్చి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి చేర్చాక ఊరు ఊరంతా రెండు వరసలుగా నిలబడి లాగేది. ముసలివాళ్ళు, బడి ఎగ్గొట్టిన పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు కూడా ఓ చెయ్యి వేసేవారు. చెయ్యి వేసినవాళ్ళందరికీ కవళ్ళో నెత్తళ్ళో తలా కాసిని చేపలు దక్కేవి. తాడు పట్టకుండా వాటా వచ్చేది వేటకెళ్ళి తిరిగిరాని మనిషి ఇంటికి మాత్రమే. కొన్నాళ్ళపాటు పోయినవాడి పేర ఓ కుప్ప పక్కన పెట్టేవారు, ఆ ఇంటివాళ్ళు తలొంచుకుని వచ్చి తీసుకెళ్ళేవారు.

మా చెల్లికి చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొచ్చి, ఆ జ్వరం చివరికి గుండెకి చుట్టుకుంది. పెద్దాసుపత్రి డాక్టరు నెలనెలా సూదిమందు రాసి, బరువు పనులు చేయించొద్దన్నాడు. పాపం, ఆయన అన్నది అంతే. మా ఇంట్లో మాత్రం ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. ముందు నీళ్ళ బిందె మాన్పించారు, తర్వాత బడి మాన్పించారు, కాస్త ఈడొచ్చేసరికి నవ్వితే ఆయాసమొస్తుందని తోటి ఆడపిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. వల లాగేటప్పుడు ఒడ్డుకి చేర్చిన పడవ నీడలో కూర్చోబెట్టేవారు. దాని గొంతు ఎంత బావుండేదనీ! లాగేవాళ్ళు ఊపు కోసం పాడే పాటకి అక్కడి నుంచే వంత పాడేది. అదీ వద్దని మా నాన్నమ్మ కసిరేది.

ఒకరోజు వల నిండుగా పడింది. వాటాలు పంచేది మా మేనమామే. పిల్ల బెంగ పెట్టుకుంటోందని దాని పేర కూడా ఓ కుప్ప పోశాడు. ఎంత మంచి మనసని ఒడ్డంతా మెచ్చుకుంది, అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చెల్లి నెమ్మదిగా లేచి వచ్చి ఆ చేపల వంక చూసి, "తాడట్టుకోకుండా నాకేటికి మావా వాటా? నాను పోయినోల్ల లెక్కలో ఉన్నానా?" అంది. అమ్మ దాని నోరు మూసి, "అలగనకే తల్లీ, నీ మంచికే గదే" అంటూ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. వెళ్తూ వెళ్తూ అది తాడు వైపు చెయ్యి చాచింది. లాగను, ఊరికే పట్టుకుని నిలబడతానని బతిమాలింది. పట్టుకోనివ్వలేదు.

ఆ తర్వాత కూడా ఆ కుప్ప ఆగలేదు, మొదలుపెట్టిన మంచిపని మానేస్తే బాగోదనుకున్నారు కాబోలు. ఆ కూర చెల్లి ముట్టేది కాదు. ఒడ్డుకి రావడమే మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఇంటిల్లిపాదీ దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాం, అలుపొస్తుందని తనివితీరా ఏడవను కూడా ఏడవనివ్వలేదు. మరుసటి వానాకాలంలో పోయింది.

పోయాక మేనమామ దాని పేర వాటా పక్కన పెట్టాడు. అమ్మ తలొంచుకుని వెళ్ళి తెచ్చుకుంది. అదే చోటు, అదే కుప్ప, అదే బుట్ట. బతికున్నప్పుడు ఇచ్చినదానికీ పోయాక ఇచ్చినదానికీ తేడా ఏమీ లేదు. అది చూసి నేను ఇసకలో కూలబడి ఏడ్చాను.

ఇప్పుడు మా ఒడ్డున పెద్దవల లాగేవాళ్ళు లేరు, పాటా లేదు. ఆనాడు లేని ఆపరేషన్లు వచ్చాయి, చెల్లిలాంటి పిల్లలు బతుకుతున్నారు, అందుకు ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నా తక్కువే. కానీ పిల్లని కుర్చీకి అప్పగించి అదే ప్రేమనుకునే భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. వచ్చే పోటీల్లోనైనా పిల్లని పరుగెత్తనివ్వండిరా అని నిన్న మా అబ్బాయితో అంటే, "నీకు తెల్దు నాన్నా, రేపేటైనా అయితే ఎవులు సూత్తారు?" అని లేచిపోయాడు. ముసలివాడి మాట ఎవడు వింటాడు?

ఆ సాయంత్రమే మనవరాలి మంచం మీద కూర్చుని ఈ సంగతంతా చెప్పాను. అంతా విని, "ఊరికే పట్టుకుంటానంది కదా తాతా, తర్వాతెప్పుడైనా పట్టుకోనిచ్చారా?" అని అడిగింది.

లేదమ్మా అన్నాను. అది నా వంక చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.