గంజి తీసిన చీరలు

మా ఎదురింటి అత్తయ్య మంగళవారం పొద్దున కన్నుమూసింది. కబురు విన్నప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆవిడ అరుగు కనిపిస్తుంది, వెనక్కి వచ్చేస్తాను, మళ్లీ వెళ్తాను.

కాలు నిలవకపోవడం ఆవిడ గుణం కూడా. చీరాలలో మా వీధంతా మగ్గాలే. ఆవిడ చెల్లెలు పెళ్లి చేసుకుని బర్మాలో రంగూన్ వెళ్లింది. అక్కడ మిలిటరీ ప్రభుత్వం వచ్చి మనవాళ్ల దుకాణాలు లాక్కుంది. చెల్లెలి వాడలో మార్చి కట్టుకోను గుడ్డ లేకుండా పోయిందని తెలిసి, మావయ్య నేసిన కొత్త చీరలు అత్తయ్య మూటగట్టి పంపింది. కొన్నాళ్లకు ఓడ దిగి వచ్చిన ఒకాయన అసలు సంగతి చెప్పాడు. కొత్త గుడ్డలైతే రేవులో సిపాయిలే ఉంచేసుకుంటున్నారట, పాతవైతే వదిలేస్తున్నారట.

మర్నాడే ఆవిడ పెరట్లో కాగు పెట్టింది. కొత్త చీరలు ఉడకేసి, గంజంతా పోయేదాకా బండకేసి బాదింది. అది చాలక కొంగుకు పసుపు రుద్ది మరక చేసింది. మావయ్య మగ్గం గుంటలోంచి లేచొచ్చాడు.

"నా చేత్తో నేసినదాన్ని నా కళ్ల ముందే పాడుజేస్తావేంటే?"

"పాడైతేనే గదయ్యా చేరుద్ది! మెరిస్తే ఆ సిపాయి పెళ్లాం కట్టుద్ది."

ఆయన ఆ పూట అన్నం తినలేదు.

నేనూ ఊరుకోలేదు. "సగం వాళ్లే కాజేస్తారు అత్తయ్యా. ఆ దొంగల్ని మేపడం కాదూ ఇది?" అన్నాను.

"సగమన్నా చేరుద్దిగా. నేను మానేస్తే వాళ్లు మారతారా యేంది?" అంది, చీర పిండుతూనే.

ఆ జవాబు నాకు అప్పుడు చాలలేదు. ఇప్పటికీ పూర్తిగా చాలడం లేదు. కానీ నేను వాదించుకుంటూ తిరిగినన్నాళ్లూ ఆవిడ మూటలు కుడుతూనే ఉంది.

మద్రాసు రైలు వేళకు స్టేషన్‌కు పరుగెత్తేది. రంగూన్ నుంచి వచ్చినవాళ్లు దిగితే ముందు వాళ్ల ఒంటిమీది బట్టలు చూసేది. తన చీర ఒక్కటీ కనబడక, ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి రాజేసేది. చివరికి ఒకరోజు చెల్లెలే దిగింది, చేతిలో సంచి కూడా లేకుండా, వెలిసి తెల్లబడిన చీరతో. అత్తయ్య ముందు ఆ కొంగు పట్టుకుని చూసింది, తను పంపిందే. ప్లాట్‌ఫారం మీదే భోరుమంది.

మొన్న అత్తయ్య మీద పుట్టింటి చీర కప్పాల్సింది ఆ చెల్లెలే. అందరూ కొత్త చీర తెస్తుందనుకుంటే, ఆమె రైలు దిగిననాటి అదే చీర తెచ్చింది. "పాత చీర కప్పడమేంటమ్మా?" అని పెద్దవాళ్లు అడ్డుపడ్డారు.

"కప్పనీయండి. నేను నేసిందే" అన్నాడు మావయ్య.

కప్పాక ఆయన వంగి, కొంగంతా వేళ్లతో తడుముతూ ఉండిపోయాడు, ఆ పసుపు మరక దొరికేదాకా.