పాటలత్త పది పాటలు, పాట లేని సారు

ఆ రోజుల్లో సర్కారు నౌకరుకు రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి సైకిలు, రెండోది తనకు అన్నీ తెలుసన్న నమ్మకం. సైకిలు ఆఫీసు వాళ్ళు ఇచ్చారు. నమ్మకం నేనే ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నాను. హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి నాలుగైదేళ్ళయిన కాలం అది. ఇరవై రెండేళ్ళు నిండకుండానే గ్రామసేవకుడినై మెట్‌పల్లికి రెండు కోసుల దూరంలో ఒక ఊళ్ళో దిగాను. (ఊరి పేరు చెప్పను. చెబితే అక్కడి వాళ్ళు ఈ వయసులో కూడా నన్ను పట్టుకుని నవ్వుతారు.) రైతులకు ఎరువు గుంతలు తవ్వడం, వరి నాట్లు జపాను పద్ధతిలో తాడు పట్టి వరుసగా వెయ్యడం నేర్పడం నా పని. కరీంనగర్ హాస్టల్లో కంచంలో తప్ప వరిని ఎక్కడా చూడని నేను, పుట్టినప్పటి నుంచి బురదలో ఉన్న మనుషులకు నాటు నేర్పాలన్నమాట. వాళ్ళు మంచివాళ్ళు కనుక నేర్చుకుంటున్నట్టు తల ఊపి, నేను సైకిలెక్కగానే తాడు చుట్టి గట్టు మీద పెట్టేవారు.

ఆ ఊళ్ళో నాట్ల ముఠాకు పెద్ద పాటలత్త. అసలు పేరు వేరే ఉంది కానీ ఊరంతటికీ ఆమె పాటలత్తే. యాభై ఏళ్ళ మనిషి, చదువు లేదు, గొంతు మాత్రం రెండు మడుల అవతలికి వినిపించేది. పాటలు ఎవరివో పాడేది కాదు, తానే కట్టేది. దేవుడి మీద కట్టేది, వాన మీద కట్టేది, అన్నిటికంటే ఎక్కువగా ఊళ్ళో మనుషుల మీద కట్టేది. ఎవరైనా తెలివితక్కువ పని చేస్తే మర్నాటి నాట్లలో అది పాటై తయారు. పెళ్ళిలో వియ్యాలవారిని ఎకసెక్కం చేస్తూ పాడితే వాళ్ళు మురిసిపోవడం మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊరు ఆ మురిపెం పెళ్ళితో వదిలేయలేదు, ఏడాది పొడుగునా పెట్టుకుంది. పాటలత్త నోట్లో పడని ఇంటికి అక్కడ పలుకుబడి లేనట్టే. ఊరి చావడి, అదే కచ్చీరు, దగ్గర ఇద్దరు పోట్లాడుకుంటే చివరికి వచ్చే మాట, "పోవయ్యా, నీ మీద ఒక్క పాటన్న ఉన్నదా?" అని. ఆ మాటతో అవతలివాడు తలవంచుకుని ఇంటికి పోయేవాడు.

పాటల్లో పేరుమోసినవి రెండు. మొదటిది ఊరి పెత్తనం చేసే పటేలు గారి ముక్కు మీద.

"పటేలు ముక్కమ్మ పటేలు ముక్కు
పటేలు కంటె ముందు పయనమైన ముక్కు
పొద్దుగాల ముక్కొచ్చె కచ్చీరు కాడికి
మాపటేళ్ళకు వచ్చె మా పటేలు ఎనుక"

ఇంకా చాలా చరణాలుండేవి. ఈ పాట వచ్చినప్పుడల్లా పటేలు ముక్కు పైకెత్తి, మీసం సవరించుకునేవాడు. రెండో పాట నేను అద్దెకున్న ఇంటి యజమాని మీద. బావిలో పడ్డ బొక్కెన తియ్యడానికి నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస దేనికీ కట్టకుండానే ధైర్యంగా దిగిన మహానుభావుడాయన. "నడుముకు గట్టిండు నాల్గు ముడులేసిండు, అవుతలి కొసెవలు వట్టె మామా" అని ఆ పాట మొదలు. అప్పటి నుంచి ఆయన ఊరందరికీ బాయిమామ. మా అవ్వ వైపు దూరపు చుట్టరికం కూడా కలిసింది కనుక నాకూ మామే.

బాయిమామకు ఒక బిడ్డ ఉంది. అన్నం దగ్గర నేను అడగకముందే మజ్జిగ పోసేది. ఇరవై రెండేళ్ళ వాడికి అంతకంటే ఏం కావాలి? మా బాపు వచ్చి మాట కదిపాడు. మామ సరేనన్నాడు, అత్త సరేనంది, అడ్డం పడ్డది మామ తల్లి. ఆ ఇంట్లో ఆమె మాటే చెల్లేది. అందరూ బాపమ్మ అనేవారు. నన్ను పైనుంచి కిందికి చూసి, "పిలగాడు సక్కగనే ఉన్నడు. నౌకరున్నది, సైకిలున్నది. గని ఏడాది సంది ఊర్ల ఉంటుండు, పాటలత్త ఒక్క పాట గట్టలే. మనిషిల ఏమన్న ఉంటె పాట రాకపోవునా? పాట లేనోనికి పిల్లనెట్ల ఇయ్యాలె?" అంది. మా బాపు ఇదేదో ఎగతాళి అనుకుని నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి తువ్వాలు దులుపుకుని మెట్‌పల్లి బస్సెక్కాడు.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసరు నుంచి హుకుం వచ్చింది. ఆయనను మేం చాటుగా జీపుసాబ్ అనేవాళ్ళం, ఊళ్ళన్నీ జీపులో కూర్చునే చూసేవాడు కనుక. చలికాలపు యాసంగి నాట్లు కాగానే మెట్‌పల్లిలో బ్లాకు ఎగ్జిబిషన్ ఉంది, గుమ్మడికాయలు, ఎడ్లతోపాటు ఈసారి జానపద కళ కూడా ఉండాలి అన్నాడు. "మీ ఊళ్ళో పాటలు కట్టే ఆమె ఉందటగా. పది శ్రేష్ఠమైన పాటలు ఏరి, శుద్ధంగా రాసి, నంబర్లు వేసి తీసుకురా. ఆమెను కూడా తీసుకొచ్చి స్టేజీ మీద పాడించు." గుమ్మడికాయలైతే తూచి నంబర్లు వెయ్యొచ్చు. పాటలకు ఎట్లా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఈ వార్త ఊళ్ళోకి నాకంటే ముందే చేరింది. మర్నాడు పొద్దున్నే పటేలు మనిషి ఒక బుట్ట జామపండ్లతో వచ్చాడు. "ముక్కు పాట ఒకటో నంబర్ల ఉండాలన్నడు పటేలు" అని చెప్పి పోయాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర మామ అందుకున్నాడు. "చూడు అల్లుడా," (అల్లుడా! నా చెవుల్లో అమృతం పోసినట్టయింది) "ముక్కంటె పుట్టుకతోని వచ్చింది, అండ్ల పటేలు జేసిందేమున్నది? నేనైతె సొంతంగ బాయిల వడ్డ. నా పాట ఒకటో నంబరు గాకపోతె ఊర్ల తలెట్ల ఎత్తుకోవాలె?" ఆ రోజుల్లో నేను పుస్తకాల భాషలో మాట్లాడితే గౌరవమనుకునేవాణ్ణి. "తప్పక పరిశీలిస్తాను మామా" అన్నాను. పటేలు పాట రెండో నంబరైతే నౌకరీకి కష్టం, మామ పాట రెండో నంబరైతే మజ్జిగకు కష్టం. సాయంత్రానికి గాడిద ఎగిరి తన్నితే బండితో సహా పడ్డాయన ఒకరు, తన పెళ్ళిలో తానే నిద్రపోయినాయన ఒకరు కూడా వచ్చి, తమ పాటలు పదింటిలో లేకపోతే బాగుండదని మర్యాదగా బెదిరించి వెళ్ళారు.

ఇంతమంది పాటలకు నంబర్లు వెయ్యాల్సిన నాకే పాట లేదు. అది నన్ను లోపల తినేసేది. అందుకని ఆ వారం రోజులు నేను చెయ్యని వెధవ పని లేదు. బూట్లు, ప్యాంటుతోనే పొలంలో దిగాను. పాటలత్త చూసి, "బూట్లు ఖరాబైతయ్ సారూ" అని మాత్రం అంది. ఆమె చూస్తుండగా ఎద్దుల బండి ఎక్కబోయి కావాలని కిందపడ్డాను. నిజంగానే మోకాలు చెక్కుకుపోయింది. ఆమె పసుపు తెచ్చి అద్దింది, పాట కట్టలేదు. చివరికి చినుకైనా లేని రోజున గొడుగు తిరగేసి పట్టుకుని ఊరంతా తిరిగాను. ఆడవాళ్ళు జాలిపడి, "పాపం, సారుకు ఇంటి మీద బెంగయినట్టున్నది" అని రెండు రోజులు నాకు కూరలు పంపించారు. ఇక సిగ్గు విడిచి గట్టు మీద నిలబడి అడిగేశాను. "అత్తా, నా మీద ఒక గేయం కట్టరాదా?" ఆమె నడుం ఎత్తి, చేతిలోని నారు కట్టతో నుదుటి మీద చెమట తుడుచుకుని, "కావాలని జేసినదానికి పాట పుట్టది సారూ. ఒకనాడు నీకు తెల్వకుంటనే జేస్తవ్. గప్పుడు చూద్దాం, ఫికర్ జేయకు" అంది.

ఆ ఒకనాడు వచ్చేసింది, నాకు తెలియలేదు. పాటలత్త నోట విని పది పాటలూ ఏరుకున్నాక రాత్రింబవళ్ళు ఆలోచించి ఒక నిశ్చయానికి వచ్చాను. జీపుసాబ్ 'శుద్ధంగా' రాయమన్నాడు. కలెక్టరు గారు కూడా రావచ్చు. పెద్దల ముందు ముక్కులూ, బావులూ, గాడిదలూ ఏం బాగుంటాయి? అందుకని పాటల్ని బాగుచేయడం మొదలుపెట్టాను. "పటేలు ముక్కు" పోయి "గ్రామాధికారి గారి దీర్ఘ నాసికము" వచ్చింది. బాయి "కూపము" అయింది. మామ బావిలో దిగడం "జలకార్యము" అయింది. గాడిద అమర్యాదగా ఉందని తీసేశాను. దాంతో ఆ పాటలో బండి దానంతటదే పడిపోయింది. చరణాలన్నీ స్కేలు పెట్టి గీత గీసినట్టు ఒకే పొడుగుకు కోశాను. పది పాటలూ మంచి తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాల్లో రాసి, తీసుకుపోయి పాటలత్తకు చదివి వినిపించాను. నాట్లలో ఆడవాళ్ళంతా నడుం ఎత్తి విన్నారు. ఆమె మాత్రం చేతిలోని నారు కట్ట విప్పి, మళ్ళీ కట్టింది.

"మంచిగున్నయ్ సారూ" అంది చివరికి. "గివి ఎవలియి?"

"నీవే అత్తా!"

"నాయా?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ వంగి నాటు వేసుకుంది. నా గొప్పతనానికి ఆమెకు మాట రాలేదని అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొలం బురదలో తలదాకా దిగాలనిపిస్తుంది.

ఎగ్జిబిషన్ రోజున మా ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని మెట్‌పల్లి వచ్చింది. ముందు వరసలో ఒక కొసకు పటేలు, రెండో కొసకు బాయిమామ, ఇద్దరి మధ్యా బాపమ్మ. ఆ పక్కన మామ బిడ్డ, తల వంచుకుని. పాటలత్త కొత్త చీర కట్టుకుని మైకును దూరం నుంచే అనుమానంగా చూస్తోంది. కాగితాలు పట్టుకుని స్టేజీ ఎక్కాను. అప్పటికీ ఒకటో నంబరు తేల్చలేదు, రెండు పాటలకూ పెన్సిలుతో ఒకటి వేసి పెట్టుకున్నాను. పటేలు ముక్కు పైకెత్తాడు. మామ నడుం తడుముకున్నాడు. "ఇప్పుడు ప్రథమ గేయము..." అని గొంతు సవరించుకున్నాను. రెండు ఒకట్లలో ఏది ముందో తేలక కాగితాలు పైవి కిందికీ కిందివి పైకీ మార్చసాగాను. అప్పుడు పాటలత్త నా చేతిలోంచి కాగితాలు మెల్లగా తీసుకుని, మడిచి, రొండిన దోపుకుని, ఎత్తుకుంది.

"సారొచ్చె సారొచ్చె సైకిలు సారొచ్చె
సక్కదనం నేర్పంగ సర్కారు సారొచ్చె
పాటల్ల బురదుందని పరేషానయ్యె సారు
సబ్బువెట్టి ఉతికిండు గంజివెట్టి ఆరేసె
ఉతుకంగ ఉతుకంగ పటేలు ముక్కరిగె
పిండంగ పిండంగ మామ బాయెండిపాయె
తాడువట్టి పాటను వరుసల్ల నాటిండు
వరుసైతె సక్కగుంది, పాటేడ వోయె సారూ?"

మొదట మా ఊరి ఆడవాళ్ళు అందుకున్నారు. తర్వాత జనమంతా. జీపుసాబ్ నవ్వి నవ్వి కళ్ళద్దాలు జారవిడుచుకున్నాడు. ముక్కు అరిగిందన్నప్పుడు పటేలు కుర్చీలో ఎగిరిపడ్డాడు. బావి ఎండిందన్నప్పుడు మామ పకపకా నవ్వుతూ లేచి వెళ్ళి పటేలు భుజం చరిచాడు. ఇద్దరూ పాటలో ఉన్నారు, ఇద్దరిలో ఎవరూ ఒకటో నంబరు కాలేదు, ఇంక పోట్లాట ఎక్కడిది? నేను మాత్రం చెవులు ఎర్రబడి, స్టేజీ మీద గుమ్మడికాయల పక్కన గుమ్మడికాయలా నిలబడ్డాను. సిగ్గేసింది. ఆమె పాట కట్టకపోయినా సిగ్గుపడాల్సిన పనే చేశానని అప్పుడే అర్థమైంది. కిందికి దిగి, "తప్పయింది అత్తా" అన్నాను. పుస్తకాల భాష అందుకు అక్కరకు రాలేదు. "తప్పెందుకు బిడ్డా! గింత మంచి పాటిచ్చినవ్ నాకు" అని ఆమె నా తల నిమిరింది.

బాపమ్మ కర్ర ఆనించుకుని లేచి, అందరికీ వినపడేట్టు అంది. "ఇగ ఏం సోచాయిస్తున్నరు? పిలగానికి పాటొచ్చింది. పిల్లనియ్యుండ్రి." మామ బిడ్డ అప్పుడు తల ఎత్తి నవ్వింది. ఆ నవ్వుతో నేను ఇప్పటికీ కాపురం చేస్తున్నాను. మా పెళ్ళిలో కూడా ఆ పాట మూడుసార్లు పాడారు. మా బాపు ఏమీ అర్థం కాక అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పాటలత్త పోయి చాలా ఏళ్ళయింది. ఎగ్జిబిషన్ అయినాక ఆమె తిరిగి ఇచ్చిన కాగితాలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పది పాటలు, గుండ్రటి అక్షరాలు, ఒక్క మరక లేదు. వాటిని ఎవరూ పాడలేదు, పాడరు కూడా. ముక్కు పాటలో మిగతా చరణాలు ఏమిటని మొన్న మా ఆవిడను అడిగాను. కాసేపు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది, రాలేదు. రాసి పెట్టే పని నాదే కదా. రాశాను కూడా, పాటలత్త పాటలు తప్ప.

పోయిన యాసంగిలో ఆ ఊరు వెళ్ళి గట్టు మీద నడుస్తుంటే, ఒక మడిలో నాటేస్తున్న ఆడవాళ్ళు "పాటేడ వోయె సారూ" అంటున్నారు. నేను ఆగిపోయాను. ఒక అమ్మాయి తలెత్తి, "ఏంది తాతా, గట్ల చూస్తున్నవ్?" అంది.

"ఏం లేదు బిడ్డా. గా పాటల ఉన్న సారు నాకు ఎరుకే."

"అవునా! ఎసొంటోడు?"

"వట్టి తెలివితక్కువోడు."

"గది పాటల్నే ఉన్నది గద తాతా" అని నవ్వి, మళ్ళీ వంగింది. వాళ్ళు వేసిన వరుస వంకరటింకరగా ఉంది. చెబుదామని నోటిదాకా వచ్చింది. ఇంకో పాటకు నా వయసు సరిపోదని, నోరు మూసుకుని నడిచాను.